కోర్టు గుంటూరులో, క్లయింటు డల్లాస్‌లో: దూరం నుంచి లా ప్రాక్టీసు నడపడం ఎలా

గుంటూరు, కరీంనగర్, రాజమండ్రి కోర్టుల్లో నడిచే భూమి తగాదాలు, ఆస్తి పంపకాల (పార్టిషన్) సూట్లు, విడాకుల కేసుల్లో ఒక పార్టీ అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉండటం మామూలైపోయింది. అలాంటి క్లయింట్ల పనే ప్రధానంగా పెట్టుకుని, ఇంట్లోని ఆఫీసు గది నుంచే ప్రాక్టీసు నడపాలనుకునే అడ్వకేట్ల కోసం ఇది రాస్తున్నాం. నాలుగైదేళ్లు కోర్టులో నిలబడి, వాయిదాలు, ఐఏలు (కేసు మధ్యలో వేసే పిటిషన్లు), కాపీ అప్లికేషన్లు చేతికి అలవాటైనవాళ్లే చదువుతున్నారని అనుకుంటున్నాం. అది లేకుండా దూరం నుంచి ప్రాక్టీసు మొదలుపెట్టొద్దు. ఫైలింగ్ సెక్షన్‌లో ఏం జరుగుతుందో కళ్లారా చూడనివాళ్లు ఫోన్లో ఎవరికీ పని అప్పజెప్పలేరు.

చాలామంది ముందు ల్యాప్‌టాప్, వెబ్‌సైట్, యాప్‌ల గురించి ఆలోచిస్తారు. అవి వారం రోజుల పని. ముందు తేల్చుకోవాల్సింది, ఏ పని దూరం నుంచి అసలు కుదరదన్నది. ఆ జాబితా చేతిలో ఉంటే మిగతా ఏర్పాటంతా దాని చుట్టూ అల్లుకోవచ్చు.

మనిషి వెళ్లక తప్పని పనులు

వకాల్తా (అడ్వకేటును నియమించే పత్రం) మీద సిరా సంతకం ఉండాలి, అడ్వకేట్ వెల్ఫేర్ ఫండ్ స్టాంపు అతికించాలి. స్కాన్ చేసి ఈ-ఫైలింగ్‌లో పెట్టినా, అడిగినప్పుడు చూపించడానికి ఒరిజినల్ మీ దగ్గర ఉండాల్సిందే. వీలునామాకు, ట్రస్టు పత్రానికి ఐటీ (ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ) చట్టం మొదటి షెడ్యూలు ప్రకారం ఎలక్ట్రానిక్ సంతకం చెల్లదు. ఎగ్జిబిట్లుగా (నంబరు వేసిన సాక్ష్యంగా) మార్క్ చేయాల్సిన ఒరిజినల్ దస్తావేజులు కోర్టుకు చేరాలి. ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపించే ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) ఆన్‌లైన్‌లో 1983 నుంచే దొరుకుతుంది. అంతకు ముందు లావాదేవీలు కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో మాన్యువల్ సెర్చ్ చేయించాలి. జిల్లా కోర్టుల్లో సాక్షిని క్రాస్ చేసే (అవతలి పక్షం సాక్షిని ప్రశ్నించే) పని కూడా, నిబంధనలు వీడియోకు అవకాశమిచ్చినా, ఎదురుగా నిలబడి చేయడమే మేలని మా అభిప్రాయం. పాత దస్తావేజును సాక్షి చేతికిచ్చి సంతకం చూపించి అడిగే ప్రశ్నకు తెర మీద ఆ బలం రాదు.

కాబట్టి మీరు పని చేసే ప్రతి కోర్టు ఊళ్లోనూ ఒక అడ్వకేటు ఉండాలి. క్లర్కు ఒక్కరే సరిపోరు. ఆ అడ్వకేటు పేరు కూడా మొదటి రోజే వకాల్తాలో రాయించండి. ఇది మరిచిపోతే, మీ లింకు తెగిన రోజున ఆయన లేచి నిలబడినా "మీరెవరు?" అని బెంచి అడుగుతుంది. ఆయన ఫీజు వాయిదాకింత అని ముందే మాట్లాడుకుని, క్లయింటుకిచ్చే ఫీజు లేఖలో విడిగా చూపించండి. అడ్వకేటు కానివాళ్లతో ఫీజు పంచుకోవడం మాత్రం బార్ కౌన్సిల్ నిబంధనలకు విరుద్ధం. కేసులు తెచ్చిపెట్టి శాతం అడిగే ఏజెంట్లూ, క్లయింటు కట్టిన ఫీజులో కమిషన్ తీసుకునే వెబ్‌సైట్లూ ఈ గీత అవతలే ఉంటాయి.

సంతకాలు, ధ్రువీకరణలు

విదేశీ క్లయింట్ల కేసులు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ఇక్కడ పోయే సమయం ఇంకెక్కడా పోదు.

క్లయింటు విదేశంలో ఉంటే రెండు దారులు. ఒకటి, ప్రతి కాగితం మీదా ఆయనే సంతకం చేసి పంపడం. రెండు, ఊళ్లో ఉన్న తండ్రికో తోబుట్టువుకో జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) ఇవ్వడం. సీపీసీ (సివిల్ ప్రొసీజర్ కోడ్) ఆర్డర్ 3 రూల్ 4 ప్రకారం పవర్ ఆఫ్ అటార్నీ ఉన్నవారు క్లయింటు తరఫున వకాల్తా ఇవ్వొచ్చు. రెండేళ్లు పైబడి నడిచే సివిల్ కేసుకు రెండో దారే నయం.

జీపీఏ వరస ఇది. డ్రాఫ్టు ఇక్కడ మీరు తయారు చేసి పంపుతారు. క్లయింటు అక్కడ భారత కాన్సులేట్‌లో గానీ, నోటరీ ముందు గానీ సంతకం చేస్తారు. అమెరికా నోటరీ దగ్గర చేయిస్తే దానిపై ఆ రాష్ట్రం ఇచ్చే అపోస్టిల్ (పత్రం వేరే దేశంలో చెల్లేందుకు ఇచ్చే ధ్రువీకరణ) కూడా వేయించండి. గల్ఫ్‌లో పనిచేసే వాళ్లకు ఎంబసీ లేదా కాన్సులేట్ ధ్రువీకరణే నమ్మకమైన దారి. వాళ్లలో చాలామందికి సెలవు దొరికేది వారానికి ఒక్కరోజే కాబట్టి అపాయింట్‌మెంట్‌కు అదనంగా రెండు వారాలు లెక్కలో పెట్టుకోండి. ఒరిజినల్ కొరియర్‌లో ఇండియా చేరిన రోజు నుంచి మూడు నెలల్లోగా స్టాంపు డ్యూటీ కట్టాలి, ఇది స్టాంపు చట్టం సెక్షన్ 18. మన దగ్గర దీన్నే జీపీఏ వాలిడేషన్ అంటారు, జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో జరుగుతుంది. కొరియర్ కవరు పారేయకండి. ఇండియాకు ఎప్పుడు చేరిందో చూపించే రుజువు అదే. ఆ కవరును జీపీఏతో పాటు స్కాన్ చేసి ఫైల్లో పెట్టండి.

ఆ తర్వాత కోర్టులో సివిల్ రూల్స్ ఆఫ్ ప్రాక్టీస్ రూల్ 32 కింద ఏజెంటు (అంటే జీపీఏ హోల్డరు) ద్వారా హాజరయ్యేందుకు ఐఏ వేసి అనుమతి తీసుకోవాలి. జీపీఏ ఇంకా అమల్లోనే ఉందని అఫిడవిట్ జతచేయాలి. ఈ ఐఏ వేయకుండా జీపీఏ హోల్డరు సంతకంతో పిటిషన్ల మీద పిటిషన్లు వేస్తూ పోయి, ట్రయల్ దగ్గర అభ్యంతరం వచ్చాక పరిగెత్తే కేసులు చాలానే ఉన్నాయి.

డ్రాఫ్టులో పేర్లు చూసుకోండి. పట్టాదారు పాసుపుస్తకంలో ఇంటిపేరు పొడి అక్షరంగా ముందు ఉంటుంది. పాస్‌పోర్టులో అదే ఇంటిపేరు పూర్తిగా, చివరన ఉంటుంది. సేల్ డీడులో ఇంకో రకంగా ఉంటుంది. జీపీఏలో పాస్‌పోర్టు పేరు మాత్రమే రాసి పంపితే రిజిస్ట్రార్ ఆఫీసులో ఇద్దరు వేర్వేరు మనుషులంటారు. ఉన్న రూపాలన్నీ "అలియాస్" పెట్టి, తండ్రి పేరు, పాస్‌పోర్టు నంబరుతో కలిపి మొదటి పేరాలోనే రాయండి. సర్వే నంబర్లూ విస్తీర్ణాలూ పాసుపుస్తకంలో ఉన్నట్టే దించండి.

ఇంకో సాధారణమైన పొరపాటు వెరిఫికేషన్ (రాసినవి నిజమని చివర సంతకం చేసే భాగం) దగ్గర జరుగుతుంది. పాత ఫైల్లోంచి తీసిన డ్రాఫ్టులో కింద "హైదరాబాద్‌లో సంతకం చేయబడినది" అని అలాగే ఉండిపోతుంది. క్లయింటు డల్లాస్‌లో ప్రింట్ తీసుకుని, సంతకం పెట్టి పంపేస్తారు. క్రాస్‌లో అవతలి అడ్వకేటు పాస్‌పోర్టు చూపించమంటే ఆ తేదీన ఇండియాలో లేరని తేలిపోతుంది. కేసు ఎంత బలమైనదైనా ఆ ఒక్క వాక్యంతో సాక్షి మాట మీద నమ్మకం పోతుంది. ఊరు, తేదీ చోట్ల ఖాళీలు వదిలి, సంతకం చేసే చోట స్వయంగా చేత్తో నింపమనండి.

జీపీఏ హోల్డరు సాక్ష్యానికీ హద్దుంది. జాన్కీ వాష్‌దేవ్ భోజ్వాని కేసులో 2004లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: క్లయింటుకు మాత్రమే తెలిసిన విషయాలకు ఆయన బదులు జీపీఏ హోల్డరు సాక్ష్యం చెప్పలేరు. అగ్రిమెంటు ఆఫ్ సేల్ మాట్లాడినప్పుడు క్లయింటైన కొడుకే ఉన్నారు, జీపీఏ హోల్డరైన తండ్రి లేరు అనుకోండి. తండ్రి చీఫ్ అఫిడవిట్ (సాక్షి తన సాక్ష్యాన్ని రాసిచ్చే ప్రమాణపత్రం) అక్కడికి పనికిరాదు. కొడుకు సాక్ష్యం వీడియోలో చెప్పాలి, లేదా సెలవుకు వచ్చినప్పుడు చెప్పాలి. ఆయన టికెట్ తీసుకోకముందే తేదీలు అడగండి, దాన్నిబట్టి ట్రయల్ షెడ్యూలు కోసం మెమో వేయండి.

పరస్పర అంగీకార విడాకుల్లో కాస్త వెసులుబాటు ఉంది. అమర్‌దీప్ సింగ్ కేసులో 2017లో సుప్రీంకోర్టు, తగిన కారణముంటే పిటిషన్ వేశాక ఆగాల్సిన ఆరు నెలల గడువును కోర్టు సడలించవచ్చనీ, విచారణకు వీడియో వాడుకోవచ్చనీ, రాలేని పార్టీ తరఫున తల్లిదండ్రులో తోబుట్టువులో హాజరయ్యేందుకు అనుమతించవచ్చనీ చెప్పింది. అది హక్కు కాదు, కోర్టు విచక్షణ. అందుకే పిటిషన్‌తోపాటే వీసా పరిస్థితి, సెలవు దొరకని కారణం చూపించే కాగితాలతో ఐఏ వేయండి.

కేసు తీసుకునే ముందు

కథ వినకముందే ఎదుటి పార్టీ పేరు, ఊరు, సర్వే నంబరు అడగండి. కుటుంబ ఆస్తి తగాదాల్లో అక్క ఒక నెల, తమ్ముడు మరో నెల మీకే ఫోన్ చేస్తారు. ఒకరి మాట పూర్తిగా విన్నాక రెండోవారి కేసు తీసుకోలేరు. ఈ మూడు వివరాలతో ఒక స్ప్రెడ్‌షీట్ పెట్టుకుని, కేసు తీసుకోకపోయినా ప్రతి ఎంక్వయిరీనీ అందులో రాయండి. సర్వే నంబరుతో వెతికితే పేర్ల స్పెల్లింగు తేడాలు అడ్డురావు.

ఆ తర్వాత వీడియో కాల్‌లో పాస్‌పోర్టు చూపించమని, ఫోటోతో పోల్చుకోండి. ఫీజు కట్టేది మామగారో అన్నో అయినా, మీకు సూచనలిచ్చే అధికారం పార్టీకే ఉంది. ఈ మాట ఫీజు లేఖలో రాసి ఇద్దరికీ పంపండి. విడాకుల కేసుల్లో ఇది మరీ ముఖ్యం, రాజీకి ఒప్పుకోవాలా వద్దా అన్న దగ్గర తల్లిదండ్రుల మాట ఒకటి, పార్టీ మనసులో ఇంకొకటి ఉంటుంది. అమెరికాలో అక్కడి కోర్టులో విడాకులు వేస్తే ఏమవుతుందని తప్పకుండా అడుగుతారు. ఆ తీర్పు ఇక్కడ చెల్లుతుందా అన్నంతవరకే మీ సలహా. అక్కడి చట్టానికి అక్కడి అటార్నీనే అడగమనండి.

ఫీజును దశలవారీగా రాయండి: నోటీసు, ఫైలింగ్, ఇంటరిమ్ ఐఏ, ట్రయల్, వాదనలు. కోర్టు ఫీజు, కాపీ చార్జీలు, కొరియర్, కమిషనర్ ఫీజు వేరే వరసలో పెట్టండి. కేసు గెలిస్తే ఇంత శాతం అనే ఒప్పందం మన దగ్గర నిషేధం. అమెరికాలో అలవాటు ఉంటుంది కాబట్టి క్లయింట్లే ఆ ప్రతిపాదన తెస్తారు, మొదటి కాల్‌లోనే కాదని చెప్పండి. కోర్టు ఫీజు కోసం పంపిన డబ్బు మీ ఫీజు కాదు, దానికి వేరే బ్యాంకు ఖాతా, వేరే లెక్క ఉండాలి.

గది, యంత్రాలు

స్కానర్ కొనేటప్పుడు లీగల్ సైజు కాగితం పట్టే ఫీడరు ఉందో లేదో చూడండి. పాత ప్లెయింట్లు, సర్టిఫైడ్ కాపీలు చాలావరకు లీగల్ సైజే. ఏ4 అద్దం మీద పెడితే కింద ఆరు సెంటీమీటర్ల దాకా తెగిపోతుంది, సాక్షి సంతకాలూ ఎండార్స్‌మెంట్లూ ఉండేది సరిగ్గా అక్కడే. 300 డీపీఐలో, రెండు వైపులా స్కాన్ చేయండి. దస్తావేజుల వెనకవైపు రిజిస్ట్రేషన్ ముద్రలు ఉంటాయి కాబట్టి వెనకభాగం ఖాళీగా కనిపించినా వదలొద్దు.

తెలుగు పత్రాలు యూనికోడ్‌లోనే టైపు చేయించండి. దస్తావేజు లేఖరుల దగ్గర ఇంకా అను ఫాంట్లు నడుస్తున్నాయి. ఆ ఫైలు మీ కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చి అక్షరాలు వస్తాయి, పీడీఎఫ్‌లో మాట వెతికితే దొరకదు. హైకోర్టుకు వెళ్లే తెలుగు పత్రాలకు ఇంగ్లీషు అనువాదం ఎలాగూ కావాలి. దాన్ని కేసు తీసుకున్న వారంలోనే చేయించి పెట్టుకోండి.

ఇంటర్నెట్ రెండు వేర్వేరు కంపెనీలది ఉండాలి, ఒకటి ఫైబర్, రెండోది మొబైల్ డేటా. ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా కరెంటు పోయిన క్షణంలో రౌటరు ఆగి మళ్లీ లేవడానికి రెండు నిమిషాలు పడుతుంది, ఆలోపు మీ ఐటం (ఆ రోజు జాబితాలో మీ కేసు) పిలిచేస్తారు. రౌటరుకు చిన్న 12 వోల్టుల యూపీఎస్ పెట్టండి. ల్యాప్‌టాప్‌కు వైఫై కాకుండా కేబుల్ పెట్టండి.

ప్రతి క్లయింటుకూ విడి ఫోల్డరు, విడి అనుమతులు. వాట్సాప్‌లో వచ్చిన పత్రాలను అదే రోజు అక్కడికి మార్చండి. ఇది శుభ్రత కోసం మాత్రమే కాదు. క్లయింటు మీతో చెప్పింది భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 132 కింద గోప్యం. అడ్వకేట్ల డిజిటల్ పరికరాలను దర్యాప్తు సంస్థలు కోరితే కోర్టు ముందే పెట్టాలనీ, ఇతర క్లయింట్ల సమాచారం బయటపడకూడదనీ 2025 అక్టోబరు 31న సుప్రీంకోర్టు చెప్పింది. అందరి ఫైళ్లూ ఒకే ఫోల్డరులో కలిపేస్తే ఆ రక్షణ ఆచరణలో నిలవదు.

ఫోన్లో ఉన్న సాక్ష్యం

వాట్సాప్ సందేశాలు, కాల్ రికార్డింగులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు కోర్టులో పెట్టాలంటే అదే సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 సర్టిఫికెట్ కావాలి. 2024 జూలై 1 నుంచి ఇది రెండు భాగాలు: పార్ట్ ఏ పరికరం ఎవరి చేతిలో ఉందో వారిది, పార్ట్ బీ నిపుణుడిది. ఫైలు హాష్ విలువ (ఫైలు ఏమాత్రం మారినా మారిపోయే గుర్తింపు సంఖ్య) కూడా రాయాలి. దానికి వేరే సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, విండోస్‌లో ఉండే సర్ట్‌యుటిల్ ఆదేశంతో ఎస్‌హెచ్‌ఏ256 విలువ వస్తుంది.

క్లయింటుకు మొదటి కాల్‌లోనే మూడు మాటలు చెప్పండి. ఫోన్ మార్చొద్దు, అమ్మొద్దు. స్క్రీన్‌షాట్లతో సరిపెట్టకుండా చాట్ మొత్తాన్ని ఎక్స్‌పోర్ట్ చేయాలి. ఫోటో పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపాలి, మామూలుగా పంపితే వాట్సాప్ దాన్ని కుదించేస్తుంది, హాష్ మారిపోతుంది. హాష్ తీశాక ఆ ఫైలును తెరిచి మళ్లీ సేవ్ చేయకండి, చదవడానికి విడి కాపీ పెట్టుకోండి.

తేదీలు

ప్రతి కేసుకూ దాన్ని గుర్తించే 16 అక్షరాల సీఎన్‌ఆర్ నంబరు ఈ-కోర్ట్స్ యాప్‌లో వేసుకోండి. అయితే యాప్‌లో కనిపించే తదుపరి తేదీని కళ్లు మూసుకుని నమ్మొద్దు, కొన్ని కోర్టుల్లో అప్‌డేట్ ఆలస్యమవుతుంది. వాయిదా రోజు సాయంత్రం ఊళ్లోని అడ్వకేటు నుంచి మెసేజ్ రావాలి: ఏం జరిగింది, ఎందుకు వాయిదా పడింది, ఎప్పటికి. ముందురోజు సాయంత్రం కాజ్ లిస్ట్ (ఆ రోజు విచారణకు వచ్చే కేసుల జాబితా) చూడాలి.

గడువుల రిజిస్టరు వేరే ఉండాలి. రిటన్ స్టేట్‌మెంట్‌కు (ప్రతివాది రాతపూర్వక జవాబుకు) సమన్లు అందిన 30 రోజులు, కోర్టు అనుమతిస్తే 90. చెక్ బౌన్స్‌లో బ్యాంకు మెమో అందాక 30 రోజుల్లో నోటీసు, అది అందాక 15 రోజులు ఆగి, ఆ తర్వాత నెలలోపు కంప్లయింటు. సివిల్ తీర్పు మీద హైకోర్టుకు అప్పీలు 90 రోజులు, జిల్లా కోర్టుకు 30. తీర్పు వచ్చిన రోజే కాపీ అప్లికేషన్ వేయించండి, కాపీకి పట్టిన రోజులు లెక్కలోంచి తీసేస్తారు గానీ అప్లికేషన్ వేయక ముందు వృథా అయినవి తీసేయరు. విదేశంలో సంతకం కావాల్సిన ప్రతి గడువుకూ కనీసం మూడు వారాల ముందు సొంత గడువు పెట్టుకోండి.

క్లయింటుకు తేదీ రాసేటప్పుడు నెల అక్షరాల్లో రాయండి. 04/03 అంటే మనకు మార్చి 4, అమెరికాలో ఉన్నవారికి ఏప్రిల్ 3. కాల్స్‌కు ఉదయం 7 మంచి సమయం, డల్లాస్‌లో అప్పుడు ముందురోజు రాత్రి 8.30. నవంబరు మొదటి ఆదివారం నుంచి మార్చి రెండో ఆదివారం దాకా అది 7.30 అవుతుంది.

వీడియో హియరింగ్

వీడియో సౌకర్యాన్ని ఏ హైకోర్టూ నిరాకరించకూడదని 2023 అక్టోబరు 6న సుప్రీంకోర్టు ఆదేశించింది. జిల్లా కోర్టుల్లో ఏర్పాటు ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది, బెంచి క్లర్కును ముందురోజే కనుక్కోండి. మెడకు కట్టే తెల్ల బ్యాండు తప్పనిసరి, హైకోర్టులో అయితే గౌను కూడా. కెమెరా కంటి ఎత్తులో, వెనక తెల్లగోడ, వర్చువల్ బ్యాక్‌గ్రౌండ్ వద్దు. పేరు స్థానంలో ఐటం నంబరు, మీ పేరు. రికార్డు చేయడం నిషిద్ధం, ఆ మాట క్లయింటుకూ లింకు పంపేముందే రాయండి.

క్లయింటు విదేశం నుంచి సాక్ష్యం చెప్పేటప్పుడు సాధారణంగా అక్కడి భారత ఎంబసీ లేదా కాన్సులేట్ అధికారి కోఆర్డినేటరుగా ఉండాలి. అందుకని కాన్సులేట్ అపాయింట్‌మెంటు, మన కోర్టు సమయం, అక్కడి సమయం, ఈ మూడూ కలవాలి. ఉదయం 10.30కు మన కోర్టు కూర్చుంటే డల్లాస్‌లో అర్ధరాత్రి. ఏ కాన్సులేటూ తెరిచి ఉండదు. సమయం గురించి రెండు వైపులా రాతపూర్వకంగా తేల్చుకున్నాకే సాక్ష్యానికి తేదీ అడగండి. గదిలో సాక్షి పక్కన బంధువులెవరూ ఉండకూడదు, సైగ చేశారన్న అనుమానం వచ్చినా ఆ సాక్ష్యం పోయినట్టే.

వెబ్‌సైట్

బార్ కౌన్సిల్ రూల్ 36 ప్రకారం ప్రకటనలు నిషేధం. 2008 సవరణతో వెబ్‌సైట్‌లో పేరు, చిరునామా, ఫోన్, ఈమెయిలు, ఎన్‌రోల్‌మెంట్ నంబరు, తేదీ, బార్ కౌన్సిల్, బార్ అసోసియేషన్, చదువు, ప్రాక్టీసు రంగాలు పెట్టుకోవచ్చు. గెలిచిన కేసులు, క్లయింట్ల మెచ్చుకోళ్లు, గూగుల్ యాడ్స్, ఎన్నారైలకు ప్రత్యేక ప్యాకేజీలు కుదరవు. ఆన్‌లైన్ లిస్టింగ్ సైట్ల ద్వారా పని వెతుక్కునే అడ్వకేట్ల మీద చర్య తీసుకోమని మద్రాసు హైకోర్టు 2024 జూలైలో చెప్పింది.

ఫైలు ముగించడం

కేసు అయిపోయినా, క్లయింటు మరో అడ్వకేటు దగ్గరికి వెళ్తానన్నా, ఒరిజినల్ కాగితాలు తిరిగివ్వాలి. ఫీజు బాకీ ఉందని ఫైలు ఆపుకునే హక్కు అడ్వకేటుకు లేదని ఆర్‌.డి. సక్సేనా కేసులో 2000లోనే సుప్రీంకోర్టు తేల్చింది. దస్తావేజులన్నీ నంబర్లు వేసిన జాబితాతో ఊళ్లోని జీపీఏ హోల్డరుకిచ్చి, ఆయన సంతకం తీసుకుని, ఆ జాబితా స్కాన్ క్లయింటుకు ఈమెయిలు చేయండి. నో అబ్జెక్షన్ వకాల్తా (కేసు మరో అడ్వకేటుకు మారడానికి మీ సమ్మతి) అడిగితే అదే వారంలో ఇవ్వండి. షేర్డ్ ఫోల్డరుకు ఊళ్లోని అడ్వకేటుకూ క్లర్కుకూ ఇచ్చిన అనుమతులు అదే రోజు తీసేయండి. ఖర్చుల ఖాతాలో మిగిలిన సొమ్ము లెక్కతో సహా తిరిగి పంపండి.